బార్నకిల్: పక్షి పేరా, చిప్ప పేరా?

సముద్రంలో తేలే దుంగలకూ, ఓడల అడుగుభాగానికీ, తీరపు రాళ్ళకూ అంటుకుని బతికే ఒక చిన్న జీవిని ఇంగ్లీషులో బార్నకిల్ అంటారు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో మరమ్మతుకు ఒడ్డెక్కించిన పడవల అడుగున తెల్లగా, గరుకుగా పేరుకుని కనిపించే గుల్లలు ఈ జాతివే. ఇంగ్లీషువారికి ఈ పేరు ఎంత పరిచితమంటే, పట్టుకున్నది వదలకుండా వేలాడే మనిషిని కూడా వాళ్ళు ఇదే మాటతో పిలుస్తారు. చార్లెస్ డికెన్స్ ‘లిటిల్ డోరిట్’ నవలలో ప్రభుత్వ కొలువులను అంటిపెట్టుకుని బతికే కుటుంబానికి బార్నకిల్ అనే ఇంటిపేరు పెట్టాడు. ఇంతగా వాడుకలో నలిగిన మాట ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు మాత్రం పండితులందరూ ఒప్పుకునే సమాధానం నేటికీ లేదు.

ఈ చిక్కుకు మూలం, ఒకే పేరు రెండు ప్రాణులకు చెందడంలో ఉంది. సముద్రజీవితో పాటు, ఉత్తర ధ్రువ ప్రాంతాల నుంచి చలికాలంలో బ్రిటన్, ఐర్లండ్ తీరాలకు వలసవచ్చే ఒక పెద్దబాతు జాతికి కూడా ఇంగ్లీషులో బార్నకిల్ అనే పేరు. ఈ రెంటినీ కలిపే ఒక వింత కథ మధ్యయుగాల ఐరోపాలో ప్రచారంలో ఉండేది: ఆ పక్షి గుడ్డు నుంచి పుట్టదనీ, సముద్రపు కొయ్యకు వేలాడే చిప్పలో పెరిగి, చిప్ప విచ్చుకోగానే నీళ్ళలోకి జారి ఎగిరిపోతుందనీ జనం నమ్మేవారు. అందువల్ల మాట వ్యుత్పత్తిని వెదికేవారి ముందు మూడు ప్రశ్నలు నిలుస్తాయి. పేరు మొదట పక్షిదా, చిప్పదా? ఆ పేరు ఏ భాషలోని ఏ ధాతువు నుంచి వచ్చింది? కథ నుంచి పేరు పుట్టిందా, పేరు నుంచి కథ పుట్టిందా? గత నూట అరవై ఏళ్ళ చర్చలో ఒక ప్రశ్నకు దొరికిన ఆధారాన్ని మరో ప్రశ్నకు సమాధానంగా చూపడం తరచుగా జరిగింది. మూడింటినీ విడదీసి చూస్తేనే తేలినదేమిటో, తేలనిదేమిటో స్పష్టమవుతుంది.

రెండు ప్రాణులు

కథలో చోటుచేసుకున్న సముద్రజీవి బండలకు అతుక్కునే గుండ్రటి గుల్ల కాదు, కాడ ఉన్న రకం. తేలే దుంగకు వేలెడు పొడవున, మెత్తగా, గోధుమరంగు తోలులాంటి కాడతో అది వేలాడుతుంది. కాడ చివర నీలిఛాయ కలిసిన తెల్లటి పలకలు అయిదు కలిసి మొనదేలిన చిప్పగా ఏర్పడతాయి. నీటిలో ఉన్నప్పుడు ఆ చిప్ప అంచు తెరుచుకుని, లోపలి నుంచి ఈకల కుచ్చులాంటి ఆరు జతల కాళ్ళు బయటికి చాచుకుంటాయి. నీటిలోని సూక్ష్మజీవులను ఊడ్చుకుని మళ్ళీ లోపలికి ముడుచుకుంటాయి. జీవి తన తలవైపునే కొయ్యకు అతికించుకుని, జీవితమంతా తలకిందులుగా ఉండి, కాళ్ళతో తిండి నోటికి అందించుకుంటుంది. తుపాను తర్వాత ఇలాంటి చిప్పలు గుత్తులుగా వేలాడే దుంగ ఒడ్డుకు కొట్టుకువస్తే, పొడవాటి కాడ పక్షి మెడలాగా, తెల్లని చిప్ప ముడిచిన రెక్కల్లాగా, కాళ్ళ కుచ్చు నూగు ఈకల్లాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

పక్షి సంగతి వేరు. నల్లటి మెడ, తెల్లటి ముఖం, బూడిదరంగు చారల వీపు గల ఈ పెద్దబాతు గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్, నోవాయా జెమ్ల్యా వంటి ధ్రువసీమల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి స్కాట్లండ్ పడమటి దీవులకూ, సాల్వే అఖాతానికీ, ఐర్లండ్‌కూ, నెదర్లాండ్స్‌కూ చేరుతుంది. మధ్యయుగాల ఐరోపాలో దాని గూడును గానీ గుడ్డును గానీ చూసినవారు దాదాపు లేరు. ఏటా శరదృతువులో సముద్రం మీదుగా గుంపులుగా వచ్చి, వసంతంలో సముద్రం మీదుగానే మాయమయ్యే పక్షికి పుట్టుచోటు సముద్రమేనని జనం అనుకున్నారు. దీనికి చాలా దగ్గర బంధువైన బ్రెంట్ అనే మరో నల్ల పెద్దబాతును కూడా చాలాకాలం ఇదే పేరుతో కలిపివేశారు. స్వీడన్ ప్రకృతిశాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో బ్రెంట్ పక్షికి బెర్నిక్లా అని శాస్త్రీయ నామం పెట్టాడు. అది నేటికీ అలాగే ఉంది.

తొలి లిఖిత సాక్ష్యాలు

చర్చలన్నీ మొదలయ్యే గ్రంథం జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాసిన ‘టోపోగ్రాఫియా హైబర్నికా’. వేల్స్‌లో నార్మన్, వెల్ష్ రక్తసంబంధాలు కలిసిన కుటుంబంలో పుట్టిన ఈ మతాధికారి 1185లో యువరాజు జాన్ వెంట ఐర్లండ్ వెళ్ళి, తిరిగివచ్చాక 1180ల చివరలో ఆ దేశాన్ని వర్ణిస్తూ లాటిన్‌లో ఈ పుస్తకం రాశాడు. అందులో బెర్నాకా అనే పక్షుల గురించి చెబుతూ, అవి సముద్రంలో తేలే దేవదారు దుంగల నుంచి మొదట జిగురుముద్దల్లా ఊరి, తర్వాత చిప్పల్లో మూసుకుని, ముక్కుతో కొయ్యను పట్టుకుని వేలాడి, క్రమంగా ఈకలు తొడుక్కుని ఎగిరిపోతాయనీ, ఒకే దుంగకు వెయ్యికి పైగా వేలాడటం తాను కళ్ళారా చూశాననీ రాశాడు. మాంసం నుంచి పుట్టనివి కనుక మాంసం కావనే వాదంతో ఐర్లండ్‌లో కొందరు బిషప్పులు, సన్యాసులు ఉపవాస దినాల్లో వీటిని తింటున్నారని కూడా చెప్పాడు. జెరాల్డ్ చూసింది చిప్పలనే. అయితే అతని గ్రంథంలో బెర్నాకా అనేది పక్షి పేరు. చిప్పకు అతను ప్రత్యేకంగా పేరేమీ ఇవ్వలేదు.

సుమారు అదే కాలంలో అలెగ్జాండర్ నెకమ్ ప్రకృతి విషయాల మీద రాసిన లాటిన్ గ్రంథంలో, జనవ్యవహారంలో బెర్నెక్కే అని పిలిచే పక్షి అంటూ ఇదే పక్షిని పేర్కొన్నాడు. ఇది విలువైన సాక్ష్యం. జనవ్యవహారంలో అనే విశేషణం వల్ల ఈ మాట లాటిన్ పండితులు కల్పించినది కాదనీ, దేశభాషలో అప్పటికే చెలామణిలో ఉందనీ తెలుస్తుంది. చివర ల-కారం లేదన్న సంగతి కూడా గమనించదగ్గది. నేటి రూపంలోని చివరి ల-కారం పదిహేనో శతాబ్దం నాటికి గానీ ఇంగ్లీషులో స్థిరపడలేదు.

కథ మాత్రం ఈ రెండు గ్రంథాలకన్నా పాతది. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు యూదు ధర్మవేత్త రబ్బేను తామ్ 1171లో మరణించాడు. చెట్టు నుంచి పుట్టే పక్షులను మిగతా పక్షుల్లాగే శాస్త్రోక్తంగా వధించాకే తినాలని ఆయన తీర్పు చెప్పినట్టు తర్వాతి రబ్బీల రచనలు చెబుతాయి. అంతకన్నా ముందు, పదో శతాబ్దపు రెండో సగంలో రాసిన ఎక్సెటర్ పుస్తకం అనే ప్రాచీన ఇంగ్లీషు వ్రాతప్రతిలో ఒక పొడుపుకథ ఉంది. ముక్కు ఇరుకులో బిగిసి, కొయ్యకు అంటుకుని, నీటి అడుగున పెరిగి, ఆ తర్వాత నలుపు తెలుపుల దుస్తులతో గాలిలోకి లేచే ప్రాణి ఏదని అడిగే ఆ పొడుపుకు విడుపు బార్నకిల్ పక్షేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పొడుపుకథ గనుక పేరు అందులో లేదు. ఆ రోజుల్లో ఆ పక్షిని ఏమని పిలిచేవారో అదొక్కటి దొరికి ఉంటే ఈ చర్చలో సగం అవసరమే ఉండేది కాదు.

పదమూడో శతాబ్దంలో ఐరోపా ఖండపు రచయితలకు ఈ పక్షి తెలుసు గానీ పేరు ఒకటి కాదు. తోమా ఆఫ్ కాంతింప్రే బార్లియాతెస్ అన్నాడు. అదే పేరును ప్రస్తావించిన ఆల్బర్టస్ మాగ్నస్, జర్మన్ జనం దీన్ని చెట్టుబాతు అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తారని చెప్పి, అవి జతకట్టి గుడ్లు పెట్టడం తాను చూశాననీ, చెట్టు నుంచి పుడతాయన్నది అబద్ధమనీ కొట్టిపారేశాడు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ డేగవేట మీద రాసిన గ్రంథంలో మరింత శ్రద్ధ కనిపిస్తుంది. ఉత్తరదేశాలకు మనుషులను పంపి చిప్పలు అంటిన కొయ్యను తెప్పించి, విప్పి చూసి, లోపల పక్షి పోలిక ఏదీ లేదని గమనించి, గూళ్ళు ఎక్కడో దూరదేశాల్లో ఉండటం వల్లనే ఈ నమ్మకం పుట్టి ఉంటుందని ఆయన తేల్చాడు. 1250లో మరణించిన ఆ చక్రవర్తి ఊహ అక్షరాలా నిజమని రుజువు కావడానికి మరో మూడున్నర శతాబ్దాలు పట్టింది.

పక్షి నుంచి చిప్పకు

మూడు ప్రశ్నల్లో మొదటిదానికి సమాధానం చాలావరకు తేలింది. ఇంగ్లీషులో ఈ మాట పదమూడో శతాబ్దం నుంచీ పక్షికే దొరుకుతుంది. చిప్పజీవికి వాడిన ప్రయోగాలు 1580ల నాటివి. జాన్ జెరార్డ్ 1597లో ప్రచురించిన ‘హెర్బల్’ అనే ఓషధుల గ్రంథం చివర పెద్దబాతుల చెట్టు అంటూ ఒక అధ్యాయం చేర్చి, లాంకషైర్ తీరం దగ్గరి చిన్న దీవిలో కుళ్ళిన కొయ్యల మీది చిప్పల నుంచి పక్షులు రావడం స్వయంగా చూశానని రాశాడు. పక్షిని కన్నతల్లి చిప్పే అయినప్పుడు పక్షి పేరు చిప్పకు సంక్రమించడం సహజమే. మొదట పక్షి బార్నకిల్; తర్వాత బార్నకిల్‌ను ఈనే చిప్ప; చివరకు చిప్పే బార్నకిల్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలికూర్పులో ఈ మాట ఉన్న భాగం జేమ్స్ మర్రే సంపాదకత్వంలో 1885లో వెలువడింది. పేరు మొదట పక్షిదేనని, అసలు మూలం మాత్రం తెలియదని ఆ నిఘంటువు చెప్పిన మాటను తర్వాత వచ్చినవారెవరూ బలంగా కాదనలేకపోయారు.

దీనికి ఐర్లండ్ నుంచి ఒక పక్కసాక్ష్యం కూడా ఉంది. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ భార్య నోరాది గాల్వేకు చెందిన బార్నకిల్ కుటుంబం. ఆ ప్రాంతంలో ఓ కైన్ అనే ఐరిష్ ఇంటిపేరును కొందరు ఇంగ్లీషులోకి బార్నకిల్‌గా మార్చుకున్నారు. ఐరిష్‌లో కయన్ అంటే ఈ రకపు అడవి పెద్దబాతు. ఆ ఇంటిపేరు మార్చినవారి చెవిలో బార్నకిల్ అంటే పక్షే.

ఇంగ్లీషు ప్రయోగాల క్రమం తేలినంత మాత్రాన మూలం తేలినట్టు కాదు. ఒక భాషలో పక్షి అర్థం ముందు కనిపించినా, ఆ మాట అరువు వచ్చిన భాషలో చిప్ప అర్థమే ముందుండవచ్చు. వ్యుత్పత్తి వాదాలన్నీ ఈ సందులోనే నిలబడ్డాయి.

మాక్స్ ముల్లర్: హైబర్నియా పక్షి

సాయణభాష్యంతో ఋగ్వేదాన్ని అచ్చువేయించి మనదేశంలో ఇంటింటి పేరయిన మాక్స్ ముల్లర్, భాషాశాస్త్రం మీద లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇచ్చి 1864లో ప్రచురించిన రెండో వరుస ఉపన్యాసాల్లో ఈ మాటకు చాలా చోటిచ్చాడు. ఐర్లండ్‌కు లాటిన్ పేరు హైబర్నియా. అక్కడి పక్షులు హైబర్నికే. చిన్నదనాన్నో ముద్దునో సూచించే అల్పార్థక ప్రత్యయం చేరితే హైబర్నికులే. స్వరభారం లేని మొదటి అక్షరం జారిపోతే మిగిలేది బెర్నికులే. మరోవైపు లాటిన్‌లో పెర్నా అంటే పందితొడ. ఆ ఆకారంలో ఉండే ఒక రకం చిప్పకు కూడా అదే పేరని ప్లీనీ రాశాడు. దానికి అల్పార్థకం పెర్నాకులా. ప-కారం బ-కారంగా మారితే బెర్నాకులా. ఐర్లండ్ పక్షి పేరూ, తొడచిప్ప పేరూ ఉచ్చారణలో కలిసిపోయాక, రెంటికీ ఒకే పేరు ఎందుకుందో తెలియని జనం చిప్ప నుంచి పక్షి పుడుతుందనే కథను అల్లుకున్నారని ముల్లర్ వాదన. పురాణకథలు చాలావరకు మాటల అసలు అర్థం మరుగున పడటం వల్ల పుట్టాయని, అది భాషకు పట్టిన రుగ్మత అని ఆయన చేసిన విస్తృత సిద్ధాంతానికి ఇది ఒక ఉదాహరణ.

వాదన అందంగా ఉంది. మూడు ప్రశ్నలకూ ఒకేసారి సమాధానం చెబుతుంది. ఆ అందమే చాలాకాలం దాన్ని నిలబెట్టింది. ఆధారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నిలవదు. హైబర్నికులా అనే పక్షిపేరు గానీ పెర్నాకులా అనే చిప్పపేరు గానీ ఏ గ్రంథంలోనూ దొరకలేదు. రెండూ వాదం కోసం నిర్మించుకున్న రూపాలు. అల్పార్థక ప్రత్యయంలోని ల-కారం మొదటి నుంచీ ఉండి ఉంటే, బెర్నాకా, బెర్నెక్కే అనే తొలి రూపాల్లో అది ఎందుకు లేదో చెప్పలేం. చిప్పకు ఈ పేరు పదహారో శతాబ్దం దాకా కనిపించదు గనుక, రెండు పేర్లు కలవడం వల్ల కథ పుట్టిందన్న మాట కాలక్రమానికి ఎదురు నడుస్తుంది. కథ పన్నెండో శతాబ్దానికే ఫ్రాన్స్ యూదుల ధర్మచర్చల దాకా పాకింది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం జెరాల్డ్ పుస్తకంలోనే ఉంది. అది హైబర్నియా మీద రాసిన పుస్తకం. పేజీపేజీకీ ఆ దేశం పేరు వస్తుంది. బెర్నాకా అంటే హైబర్నియా పక్షి అని ఎవరైనా అనుకుని ఉంటే, లాటిన్‌లో అంత చెయ్యితిరిగిన రచయితకు ఆ పోలిక కంటబడకుండా ఉండదు. అతను దాని ఊసే ఎత్తలేదు. మౌనం రుజువు కాదన్నది నిజమే గానీ, ఈ చోట ఆ మౌనానికి బరువు ఎక్కువ.

కెల్టిక్ వాదం

బ్రిటన్, ఐర్లండ్, బ్రిటనీ తీరాల కెల్టిక్ భాషల్లో బార్నకిల్‌ను పోలిన మాటలు ఉన్నాయి. వెల్ష్‌లో బ్రెన్నిగ్, బ్రిటనీ భాషలో బ్రెన్నిగ్, బెర్నిగ్, ఐరిష్‌లోనూ స్కాట్లండ్ గేలిక్‌లోనూ బార్న్యఖ్. వీటన్నిటి అర్థం లింపెట్ అనే జీవి. అంటే గొడుగు ఆకారపు చిప్ప కింద రాతిని గట్టిగా కరచుకుని ఉండే నత్తజాతి ప్రాణి. ఫ్రెంచిలో లింపెట్‌కు ఉన్న బెర్నిక్ అనే పేరు కూడా బ్రిటనీ నుంచి వెళ్ళినదే. ఒక్క పోలిక అయితే కాకతాళీయమనుకోవచ్చు. నాలుగు భాషల్లో చిప్పజీవి పేరుగా ఇంత దగ్గరి ధ్వని ఉండటం వల్ల ఈ వాదం ఎన్నిసార్లు పక్కకు పెట్టినా మళ్ళీ తలెత్తుతూనే ఉంది.

దీని మీద మొదటి అభ్యంతరం కాలక్రమం: ఇంగ్లీషులో పక్షి ముందు, చిప్ప తర్వాత. దీనికి కెల్టిక్ వాదుల సమాధానం తేలిగ్గా తోసెయ్యదగింది కాదు. కథ ఈ మాట తొలి ప్రయోగాలకన్నా పాతదని ఒప్పుకుంటే, చిప్పలో పుట్టిన పక్షికి తీరవాసులు చిప్ప పేరే పెట్టి, ఆ పక్షిపేరొక్కటే లాటిన్‌లోకీ ఇంగ్లీషులోకీ వెళ్ళి ఉండవచ్చు. రెండో అభ్యంతరం ప్రాణిభేదం: లింపెట్‌కు కాడ ఉండదు, అది కొయ్యకు వేలాడదు, దాన్ని చూసి పక్షిని ఊహించడం కష్టం. ఈ అభ్యంతరాన్ని పెద్దదిగా చేయనక్కర్లేదు. కాడ ఉన్న బార్నకిల్ ప్రజాతికి లిన్నేయస్ పెట్టిన లెపస్ అనే పేరు గ్రీకులో లింపెట్‌దే. శాస్త్రజ్ఞుడే ఒకదాని పేరు మరొకదానికి వాడినప్పుడు బెస్తవారు వాడటంలో వింత లేదు.

మూడో అభ్యంతరం మాత్రం గట్టిది. కెల్టిక్ భాషలు ఆ పక్షిని ఈ పేరుతో పిలవవు. ఐరిష్‌లో కయన్ కాక, గ్యూరన్ పెద్దబాతు అనే పేరుంది. గ్యూరన్ అంటే కొయ్యకు అంటుకునే బార్నకిల్. వెల్ష్‌లోనూ గ్విరన్ అనే మాట పక్షికీ చిప్పకూ కూడా చెల్లుతుంది. అంటే చిప్పకూ పక్షికీ ఒకే పేరు పెట్టే అలవాటు కెల్టిక్ తీరాల్లో నిజంగానే ఉంది. కానీ అందుకు వాడిన మాట బ్రెన్నిగ్ కాదు. ఈ సాక్ష్యం రెండువైపులా కోస్తుంది: కెల్టిక్ వాదులు ఊహించిన పద్ధతి సాధ్యమేనని చూపుతుంది, వాళ్ళు ఎంచుకున్న మాట విషయంలో వాళ్ళకు అడ్డం తిరుగుతుంది. దీనికి తోడు గేలిక్ బార్న్యఖ్ ఇంగ్లీషు నుంచే అరువు వెళ్ళిందని వాదించినవారు కూడా ఉన్నారు. అదే నిజమైతే నాలుగు సాక్ష్యాల్లో ఒకటి చేజారుతుంది.

ఈ వాదంలో బలమైన దారి వెతకాలంటే ఐర్లండ్ వైపు కన్నా బ్రిటనీ వైపు చూడటం మేలు. ర-కారం, అచ్చు చోటు మార్చుకునే వర్ణవ్యత్యయం జరిగి బ్రెన్ అనేది బెర్న్ అయిన రూపం బ్రిటనీలోనే స్పష్టంగా ఉంది. 1066లో నార్మన్ సేనలతో పాటు బ్రిటనీవారు ఎందరో ఇంగ్లండ్‌కు వచ్చి స్థిరపడ్డారు. పాత ఫ్రెంచిలో బెర్నాక్ అనే పక్షిపేరు కూడా ఉంది. అయితే ఆ ఫ్రెంచి పేరే ఇంగ్లండ్ నుంచి వెళ్ళిందా, ఫ్రెంచి నుంచే ఇంగ్లీషుకు వచ్చిందా అన్నది నిర్ణయం కాలేదు. కాబట్టి ఈ దారి తెరిచి ఉందని చెప్పవచ్చు గానీ, ఎవరైనా నడిచినట్టు అడుగుజాడలు లేవు.

మిగతా ఊహలు

మరికొన్ని ప్రతిపాదనలను క్లుప్తంగా చూస్తే చాలు. ఇంగ్లీషులో ఉత్త మెడ అనే అర్థం వచ్చే రెండు మాటలు కలిసి బెర్నెక్కే అయిందన్నది లోకనిరుక్తి. అంటే తెలియని మాటను తెలిసిన మాటలుగా విడగొట్టి జనం చెప్పుకునే అర్థం. ఆ పక్షి మెడ ఉత్తది కాదు, దట్టమైన నల్లటి ఈకలతో నిండి ఉంటుంది. బ్రెంట్ పక్షి పేరులో కాలిన నలుపు అనే అర్థమున్న ఉత్తర జర్మానిక్ ధాతువు ఉందని, బార్నకిల్ కూడా దాని నుంచే వచ్చిందని కొందరు భావించారు. రెండు పక్షులనూ కలిపివేసిన చరిత్ర దీనికి అనుకూలమే అయినా, రెంటికీ మధ్య ఉండవలసిన రూపాలు దొరకలేదు. గుర్రం ముక్కును బిగించి లొంగదీసే పనిముట్టుకు కూడా ఇంగ్లీషులో బార్నకిల్ అనే పేరుంది, పదహారో శతాబ్దంలో కళ్ళజోడుకూ అదే పేరు పెట్టారు. ఇది పాత ఫ్రెంచి బెర్నాక్ నుంచి వచ్చిన వేరే మాటగానే నిఘంటువులు చూపుతాయి. పక్షి పేరు చివర ల-కారం చేరడంలో దీని ప్రభావం ఉండవచ్చన్నది సంభావ్యతే తప్ప రుజువైన విషయం కాదు.

కథ తెగినా పేరు తెగలేదు

మూడో ప్రశ్న, అంటే కథకూ పేరుకూ ఉన్న సంబంధం, భాషావేత్తల చేతుల్లో కన్నా ప్రకృతి పరిశోధకుల చేతుల్లో ఎక్కువ నలిగింది. 1596లో విల్లెమ్ బారెంట్స్ నాయకత్వంలో ధ్రువసముద్రంలోకి వెళ్ళిన డచ్ నావికులు స్పిట్స్‌బెర్గెన్ దగ్గర ఈ జాతి పెద్దబాతులు గుడ్ల మీద పొదుగుతూ ఉండగా చూశారు. ఆ యాత్రలో పాల్గొన్న గెరిట్ డి వీర్ 1598లో దాన్ని ప్రచురించాడు. జెరార్డ్ గ్రంథాన్ని 1633లో సవరించి మళ్ళీ అచ్చువేసిన థామస్ జాన్సన్, డచ్ నావికులు చూసినదాన్ని చేర్చి చెట్టుకథను ఖండించాడు. అంతటితో కథ చావలేదు. లండన్ రాయల్ సొసైటీ స్థాపకుల్లో ఒకడైన సర్ రాబర్ట్ మోరే స్కాట్లండ్ పడమటి దీవుల్లో చిప్పలు విప్పి చూశాననీ, ఒక్కోదానిలో చిన్న పక్షి అవయవాలన్నీ ఉన్నాయనీ రాసిన నివేదిక అతని మరణానంతరం 1678లో ఆ సంస్థ పత్రికలోనే అచ్చయింది. విన్నదాన్ని నమ్మినవాడికి కళ్ళు కూడా అదే చూపిస్తాయనడానికి విజ్ఞానచరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

చిప్పజీవి వర్గం సంగతి తేలడానికి ఇంకా ఆలస్యమయింది. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త క్యువియే దాన్ని నత్తలు, ఆల్చిప్పల వర్గంలో ఉంచాడు. ఐర్లండ్‌లోని కార్క్‌లో పనిచేసిన జాన్ వాన్ థామ్సన్ 1830లో, దాని పిల్లలు నీటిలో ఈదే దశలో రొయ్యలూ పీతల పిల్లల్లాగే ఉంటాయని గమనించి, అది క్రస్టేషియన్ వర్గపు ప్రాణి అని నిరూపించాడు. తర్వాత చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు వీటి మీదే శ్రమించాడు. కథ మాత్రం శాస్త్రీయ నామాల్లో స్థిరపడిపోయింది: లెపస్ అనటిఫెరా అంటే బాతును మోసేది, లెపస్ అన్సెరిఫెరా అంటే పెద్దబాతును మోసేది. ఫ్రెంచిలో ఈ జీవికి నేటి పేరైన అనతీఫ్ కూడా బాతును మోసేదనే అర్థంలోదే. ఒకే కథ ఉన్న పొరుగు భాషలు వేర్వేరు ధాతువులతో పేర్లు పెట్టుకున్నాయంటే, కథ ఏదో ఒక మాటలోని గందరగోళం వల్ల పుట్టలేదని, రూపసాదృశ్యమే దాన్ని ప్రతి తీరంలోనూ పోషించిందని అనుకోవడం సబబు.

మైసీనియన్ కాలపు గ్రీకు కుండల మీది బొమ్మల్లో బార్నకిల్ పక్షిగా మారే దశలు కనిపిస్తాయని ఫ్రెడరిక్ ఉస్సే ప్రతిపాదించగా, బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రే లాంకెస్టర్ దాన్ని ఆసక్తిగా సమర్థించాడు. 1928లో ఈ విషయం మీద పూర్తి గ్రంథం వెలువరించిన ఎడ్వర్డ్ హెరన్-అలెన్ కూడా దాన్ని చర్చించాడు. బొమ్మల పోలిక మీద ఆధారపడిన ఈ వాదం కథ ప్రాచీనత గురించే మాట్లాడుతుంది. మాట పుట్టుక గురించి అది చెప్పగలిగింది ఏమీ లేదు.

వాదాలను పోల్చి చూస్తే

ఒక వ్యుత్పత్తి నిలవాలంటే నాలుగు పరీక్షలకు ఆగాలి: మూలరూపం ఎక్కడైనా లిఖితంగా దొరకాలి, ధ్వనిమార్పులు ఆ భాషల అలవాటుకు లోబడాలి, అర్థం మారిన దారి కనిపించాలి, కాలక్రమం ఎదురు తిరగకూడదు. హైబర్నియా వాదానికి అర్థం పొసగుతుంది. మూలరూపం లేదు, ల-కారం అడ్డు వస్తుంది, కథకు అది చెప్పే కారణం కాలక్రమంలో ఓడిపోతుంది. పెర్నా వాదంలో మూలధాతువు లాటిన్‌లో ఉన్నా, దాని నుంచి వచ్చిన మాట లేదు; పక్షే ముందన్న సాక్ష్యం దాన్ని పూర్తిగా పక్కకు నెడుతుంది. ఉత్త మెడ వాదానికి ధ్వని తప్ప ఏదీ లేదు. బ్రెంట్ వాదానికి అర్థం, ప్రాంతం కలిసివచ్చినా మధ్యరూపాలు లేవు. కెల్టిక్ వాదం ఒక్కటే నిజంగా వాడుకలో ఉన్న మాటలను చూపగలుగుతుంది. ధ్వనిలో దగ్గరగా ఉంటుంది. కథ పాతదని ఒప్పుకుంటే కాలక్రమాన్నీ దాటగలుగుతుంది. ఆ పేరుతో ఏ కెల్టిక్ భాషా పక్షిని పిలిచిన దాఖలా చూపలేకపోవడమే దాని లోటు.

తేలవలసినవి

తేలనివాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, జెరాల్డ్, నెకమ్ కన్నా ముందు ఈ మాట ఇంగ్లండ్‌లోనో, ఉత్తర ఫ్రాన్స్‌లోనో, బ్రిటనీలోనో ఏ రూపంలో ఉందన్నది. రెండోది, ఫ్రెంచి, ఇంగ్లీషు, లాటిన్ రూపాల్లో ఏది ఏదానికి తల్లి అన్నది. జెరాల్డ్ రాసిన బెర్నాకాలో రెండో అక్షరానికి ఆ-కారం, నెకమ్ రాసిన బెర్నెక్కేలో ఎ-కారం ఉండటం చిన్న విషయంలా కనిపించినా, రెండు వేర్వేరు దారులకు అది గుర్తు కావచ్చు. మూడోది, పడమటి తీరాల బెస్తవారి వాడుకలో లింపెట్‌కూ, కాడ ఉన్న బార్నకిల్‌కూ ఎప్పుడైనా ఒకే పేరు ఉండేదా అన్నది. తీరప్రాంత మాండలికాల్లోని జలచరాల పేర్లను గ్రంథపండితులు చిన్నచూపు చూసినంతకాలం ఈ మూడో ప్రశ్నకు సమాధానం రాదు. ముల్లర్ లాటిన్ వ్యాకరణంలో వెదికాడు, మర్రే అచ్చయిన గ్రంథాల్లో వెదికాడు. వలలు లాగినవారి నోటిమాటను ఆ శ్రద్ధతో సేకరించే పని ఆలస్యంగా మొదలైంది, అప్పటికే ఆ భాషలు మాట్లాడేవారు చాలావరకు తగ్గిపోయారు.

ఉన్న ఆధారాలను బట్టి ఇవ్వదగిన తీర్పు ఇది: బార్నకిల్ అనేది మొదట పక్షి పేరు, చిప్పజీవికి ఆ పేరు కథ ద్వారా పదహారో శతాబ్దంలో సంక్రమించింది, కథ పేరు వల్ల పుట్టలేదు. మూలం కెల్టిక్, ప్రత్యేకించి బ్రిటనీ భాష అయి ఉండే అవకాశం మిగతావాటికన్నా ఎక్కువ. అయినా బెర్నిగ్ అనో బెర్నాక్ అనో ఆ పక్షిని పిలిచిన పన్నెండో శతాబ్దపు బ్రిటనీ సాక్ష్యం ఒక్కటైనా దొరికేదాకా, నిఘంటువుల్లో ఈ మాట ఎదురుగా మూలం తెలియదని ఉన్న మాటను మార్చడానికి ఎవరికీ అధికారం లేదు.